అల్చిప్పలో సగం ఉప్పు

ఆ ఉప్పుచేప ముక్క కింద పెట్టరా మాల్యాద్రీ. సిగ్గుండాల. పొద్దున్నే నెల్లూరు పోయి బీపీ బిళ్లలు తెచ్చుకుంటివి, బిళ్ల గొంతు దిగకముందే గిన్నెలో చెయ్యి పెడితివి. ఏందీ, ఒక్క ముక్కేనా? మా నాయనా అట్నే అన్నాడు. కూర్చో, చెప్తా. తింటా వినబాక, ఊరికే విను. మా చిన్నాయన ముత్యాలయ్యని నువ్వు చూళ్లేదు, మా నాయన పోలేరయ్యకి సొంత తమ్ముడు. తెప్ప మీద నిలబడి నీళ్ల రంగు చూసి, వల ఈడ వెయ్యండి అనేవాడు. గొంతంటే అదీ గొంతు! ఒడ్డున కేకేస్తే అలల అవతల తెప్పకి వినబడేది. ఆ గొంతు పంతొమ్మిదొందల అరవై రెండులో పోయింది. చద్దన్నం తింటా తింటా కుడిపక్కకి ఒరిగిపోయినాడు. చెయ్యి లేదు, కాలు లేదు, మాట లేదు. పచ్చవాతమని పావురం నెత్తురు రాయమన్నారు, రాసినాం. ఇంటినిండా వాసన తప్ప ఏం లేదు. అప్పుడు బండిలో వేసుకోని నెల్లూరు ఆసుపత్రికి పోయినాం. విడవలూరు దాకా ఇసకే అప్పుడు, ఎడ్లు నురగలు కక్కినాయి... సరే, ఆ దారి సంగతి వద్దులే.

ఇంటికి తెచ్చినాక కాంపౌండరు జకరయ్యగారు నెలకోసారి సైకిలేసుకోని వచ్చేవాడు. మా చిన్నమ్మ పేరమ్మకి అక్షరం రాదు, లెక్క రాదు. ఆయన ఇసకలో ఒక చిన్న అల్చిప్ప ఏరి ఆమె చేతిలో పెట్టినాడు. "ఇదిగో తల్లీ, దీన్లో సగం. రోజంతా ఆయనకి అంతే ఉప్పు. ఊరగాయ, ఉప్పుచేప గడప తొక్కకూడదు. పచ్చిచేప పులుసు పెట్టు, చింతపండు, మిరియం వేసుకో. గోడకి ఆనించి కూర్చోబెట్టి, బాగున్న బుగ్గవైపు ముద్ద పెట్టు. మింగినాక నోరు తెరిపించి చూడు, పడిపోయిన బుగ్గలో మెతుకు ఆగిపోతాది. ఏదీ, ఇప్పుడు నాకు చెప్పు" అన్నాడు. మూడుసార్లు చెప్పించుకోని గానీ సైకిలెక్కలా. ఆమె కూడా ఆ సప్పిడి కూడే తినింది, తెలుసా? నాలుగో నెల్లో చిన్నాయన నోరు తిరిగింది. "పే... పేరీ" అన్నాడు. వీధంతా ఉరికొచ్చినారు.

మా నాయనకి మాత్రం ఆ సప్పిడి కూడు చూస్తే కడుపుమంట. "ఏం పేరమ్మా, సముద్రంలో పుట్టినోడికి ఉప్పు కొలిచి పోస్తావా?" అనేవాడు. "బావా, నీ తమ్ముడు నీతో మాట్లాడాలా వద్దా?" అనిందామె. దానికి మా నాయన ఏం చేసినాడు? ఆమె చేపలబుట్ట ఎత్తుకోని విడవలూరు పోంగానే, పంచె మడతలో ఉప్పుచేప వేపుడు దాచిపెట్టుకోని పోయి పెట్టేవాడు. ప్రేమేరా, కాదనను. ప్రేమైతే మాత్రం? ఒకరోజు కాదు, రెండు నెలలు. చిన్నాయన మొహం ఉబ్బింది, తలనొప్పని మూలిగేవాడు. జకరయ్యగారు చేతికి పట్టీ కట్టి చూసి, "రక్తపోటు పెరిగింది, నువ్వే యాడో ఎక్కువేస్తా ఉండావమ్మా" అని చిన్నమ్మని తిట్టినాడు. "కొలత తప్పలేదయ్యా" అని ఆమె చిప్ప చూపించి ఏడ్చింది. మా నాయన ఆ అరుగుమీదే కూర్చోనుండాడు. నోరు తెరవలా. అది నేను చూసినాను.

పదిరోజులకి చిన్నాయన రెండోసారి పడినాడు. చిన్నమ్మ నేర్చుకున్నట్టే నోరు తెరిచి, వేలు పెట్టి చూసింది. కుడి బుగ్గలో ఉప్పుచేప ముల్లు! దాన్ని తెచ్చి మా నాయన ముందర పెట్టి, "ఇది మా ఇంటిది కాదు బావా" అనింది.

ఆ గొంతు మళ్లీ రాలేదు. ఆరేళ్లు బతికినాడు. మా నాయన రోజూ పొద్దున్నే చిక్కటి జావ కాచి, ఆ చిప్పతోనే ఉప్పు కొలిచి, తమ్ముడి ముందర కూర్చునేవాడు. "తాగరా, నేను... అన్ననిరా" అనేవాడు. చిన్నమ్మ చేతికి తెరిచే నోరు, మా నాయన చెయ్యి చూస్తే బిగుసుకునేది. పళ్లు కరుచుకోని మొహం గోడవైపు తిప్పేవాడు. ఆరేళ్లూ ఒక్క గుక్క తాగలా. జావ చల్లారినాక గిన్నె ఇంటికి తెచ్చుకోని మా నాయనే తాగేవాడు.