గీత ఒకరిది, సంచి ఒకరిది

“ఆ గీత నాది కాదు!” అని కిటికీలోంచి నువ్వు పెట్టిన కేక వీధి చివర దాకా వెళ్ళింది బావా. మంగలి షాపాయన సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి, కత్తి చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఎదురింటావిడ స్థలం తగాదా అనుకుందో ఏమో, చెవి ఇటు పారేసింది. నువ్వేమో అరిచేసి, కిటికీ మూసేసి, గడియ పెట్టుకుని కూర్చున్నావు. ఇప్పుడు వీధికి సమాధానం ఎవరు చెప్పాలి? నేనేగా. బామ్మర్దినైన పాపానికి.

తలుపు తియ్యి బావా.

పోనీ తియ్యకు. విను. పెద్దగా మాట్లాడను, హాల్లో అక్క చెవులు రిక్కించుకుని ఉంది. కంచాలు పెట్టేసింది. నువ్వు వస్తేగానీ ముద్ద ముట్టనంటోంది. ఆవిడ ముట్టకపోతే నా పెళ్ళాం ముట్టదు. వాళ్ళిద్దరూ తినకుండా నేను తిన్నానంటే, రేపట్నుంచి నాకు కంచమే ఉండదు.

రోగం నీ తలకెక్కిందని అక్క భయం. కంప్యూటరు గీసిన గీత, పైన ఆయన పేరు, కింద డాక్టరు సంతకం, ఆయనది కాకపోతే ఎవరిదిరా అని నన్ను నిలదీసింది. నేను గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాను. పాపం, అది ఆగిపోయి ఎన్నాళ్ళయిందో.

నీ కోపం అర్థమైంది. కానీ పొద్దుటి సంగతి న్యాయంగా తలుచుకో.

జీవితమంతా బస్సు నడిపినవాడివి. ఆపుకోవడంలో నిన్ను మించిన మొనగాడున్నాడా? జనం బతిమాలినా ‘వచ్చే స్టాపులో’ అంటూ తొక్కేసినవాడివి. అలాంటివాడికి మొన్న ఒంటికి వెళ్ళినప్పుడు ఎర్రగా కనిపించింది. నువ్వు దాచావు, అక్క కంటపడింది. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. సీసాలో పట్టిమ్మన్నారు, పట్టిచ్చావు. దాని ఫలితం రేపన్నారు. ధార ఎలా ఉందో మెషీను మీద చూడాలి, నిండుగా నీళ్ళు తాగి రమ్మన్నారు.

ఆ హాలు చూశావుగా. లోకంలో అంత సమానత్వం ఇంకెక్కడా ఉండదు. కోటు వేసుకున్న బ్యాంకు మేనేజరు ఒంటికాలి మీద నిలబడ్డాడు. లాయరుగారు వాదనలన్నీ మానేసి గోడ పట్టుకున్నాడు. కౌంటరు అమ్మాయికి పెద్దా చిన్నా లేదు, అందర్నీ ఒకటే ప్రశ్న: నిండిందా? నిండలేదంటే ఇంకో సీసా తాగండి. నిండిందంటే కూర్చోండి, మెషీను ఖాళీ లేదు. అందరికీ ఒకేసారి నిండేసరికి మెషీనాయన టీ తాగడానికి వెళ్ళాడు. ఆయన టీ చప్పరిస్తుంటే ఆ హాల్లో ఒక్కడు కూడా అటు చూడలేకపోయాడు.

నువ్వొక్కడివే తాగుతుంటే బాగుండదని నేనూ సీసాకి సీసా తాగాను. తోడు మరి. నా తత్వం అంత. పెళ్ళికెళ్తే నేనే పెళ్ళికొడుకుని.

తర్వాత ఆ గది. మధ్యలో చిల్లు ఉన్న కుర్చీ, కింద గరాటు, గరాటు నుంచి తీగ, తీగ చివర ధారని గీతగా గీసే డబ్బా. మామూలుగా పొయ్యండి అన్నాడాయన. మామూలుగానట! నీకు సిగ్గు, తోడుగా ఉంటానని నేను ఆయన్ని ఒప్పించాను. తలుపు వేసుకుని బయటికెళ్ళాడు. నువ్వు నిలబడ్డావు. నేను గోడ వైపు తిరిగాను. కుళాయి తిప్పాను. ఈల వేశాను. ఉహూఁ. ఇన్నేళ్ళూ ఆపిన బస్సు ఒక్కసారి బయల్దేరమంటే బయల్దేరుతుందా? రాకపోతే రేపు మళ్ళీ మొదట్నుంచీ రండి అని బయట్నుంచి కేకేశాడు.

అప్పుడు నువ్వేమన్నావు? నువ్వు కానిచ్చెయ్యరా అన్నావా లేదా? చెప్పు.

సరే, నువ్వు చెప్పకపోయినా నేను విన్నాను. కానిచ్చేశాను. ఎవరివైతేనేం, నీళ్ళన్నీ పల్లానికేగా అనుకున్నాను. పైగా ఫస్టుక్లాసు గీత వస్తుందని, నీ పరువు నిలబెడుతున్నానని లోపల్లోపల పొంగిపోయాను కూడా.

అక్కడితో వదిల్తే బాగుండేది. నిన్ను పక్కగదిలో పడుకోబెట్టి, పొట్టమీద ఆ చల్లటి జిగురు రాసి, మూత్రసంచిలో ఇంకా ఎంత మిగిలిందో చూశారు. మిగలడమేమిటి, నువ్వసలు వదిలితేగా! నిండుకుండ తొణకదంటారు. నీ కుండ ఆ బల్ల మీద గజగజ వణికింది.

డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కళ్ళజోడు తీసేశాడు. ధార చూస్తే దారం, మిగిలింది చూస్తే చెరువు, ఈయన ఇన్నాళ్ళూ ఎలా తిరుగుతున్నాడమ్మా అని అక్కనడిగాడు. రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేరిపొమ్మన్నాడు. ముందు గొట్టం వేసి సంచి ఖాళీ చేద్దాం, తర్వాత ఆపరేషను సంగతి చూద్దామన్నాడు. తప్పు ఆయనది కాదు బావా. నా గీతా నీ సంచీ కలిసి, లోకంలో లేని మూడో మనిషిని పుట్టించాయి. జబ్బు వాడిది. బల్లెక్కాల్సింది నువ్వు.

అక్క ఏడ్చింది. నువ్వు నన్ను చూశావు, నేను ఫ్యాను చూశాను. బయటికి రాగానే నువ్వు మామూలు బాత్రూములోకి పరిగెత్తావు. ఆ మోత హాలంతా విన్నది. లాయరుగారు తల తిప్పి మరీ చూశాడు, అసూయతో.

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు.

ఎందుకంటావా? ఆ దారం నాదిగా.

నేను బాత్రూములో ఎందుకు పాడతాననుకున్నావు? గొంతు బాగుందనా? పాట అయిపోతుంది, పని అవదు. మళ్ళీ పల్లవి ఎత్తుకుంటాను. ఈయనకి సంగీతం పిచ్చి అంటారు ఇంట్లో. అననీ అనుకున్నాను. డాక్టరు దగ్గరికెళ్తే దానికో పేరు పెడతాడు, పేరు పెట్టేదాకా అది జబ్బు కాదుగా? చూడు, చివరికి నీ పేరుతో బయటపడింది.

మధ్యాహ్నం నుంచీ లెక్కలేస్తున్నాను. నువ్వు మొండికేసి ఆసుపత్రికి వెళ్ళకపోతే, ఆ కాగితం చింపేస్తే, ఇద్దరం తప్పించుకుంటాం. హాయి. కానీ ఆ ఎరుపు? అది నా గీత కాదు బావా, అచ్చంగా నీదే. మనం చేసిన గందరగోళంలో డాక్టరు దాని ఊసే ఎత్తలేదు. నువ్వు గడియ పెట్టుకుంది గొట్టానికి భయపడి కాదు, దానికి. పొద్దున ఆ గదిలో నీకు రాకపోయింది కూడా అందుకే.

ఆఁ? అక్కకి చెప్పలేనంటావా? నువ్వు చెప్పక్కర్లేదు. నేను చెబుతాను. అక్కడే ఉండి విను.

“అక్కా, ఆ గీత నాది.”

అదిగో, గరిటె కిందపడింది. వస్తోంది. అబ్బా... కొట్టు అక్కా, తమ్ముణ్ణేగా. ఇంకోటి కూడా వెయ్యి, మీ ఆయన వాటా.

విన్నావా బావా, నా పెళ్ళాం ఏమంటోందో? ఉన్నచోటు నుంచి కదలకుండా, “తెలుసు వదినా. పాట అంటే ఎంత ఇష్టమున్నా, రోజూ పల్లవి దగ్గరే మూలుగుతారా ఎవరైనా? ఆయనే చెబుతాడని చూస్తున్నాను” అంటోంది. మరి ఇన్నాళ్ళూ అంత గొంతు చించుకుని నేను పాడింది ఎవరికోసమట?

గడియ చప్పుడైంది. వచ్చావా. కళ్ళు తుడుచుకో, నవ్వి వచ్చిన నీళ్ళని చెప్పు, నమ్ముతారు. రేపు ఇద్దరం వెళ్దాం. జరిగింది డాక్టరుకి నేనే చెబుతాను, తిడితే తిడతాడు. ఆ గదిలోకి మాత్రం ఎవరికి వాళ్ళమే. నీకు రాకపోతే బయట కూర్చుని పాడతాను. ఏం చేస్తాం, వచ్చిన విద్య అదొక్కటే.

కూర్చో బావా. ఏమేవ్, నువ్వూ ఇలా రా. అక్కా, వడ్డన తర్వాత, ముందు నువ్వు కూర్చో, ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుంటారు. అందరూ కూర్చున్నట్టేనా?

ఆ నీళ్ళచెంబు మాత్రం అటు జరపండి. మేమిద్దరం పొద్దున్నే తాగొచ్చాం.