మోంజీ బాబాయ్ జర్మన్

ఇదిగో యోస్రా, ముందు ఆ ఫారం పక్కన పెట్టి టీ తాగు. ఆ భాషల బడిలో ఫారాలు తీసుకునే కిటికీ పన్నెండుకి కదా మూసేది, ఇంకా అరగంట ఉంది. చదువవగానే మా నూనె మిల్లులో ఇంజనీరుగా చేరబోతూ, జర్మనా, ఇటాలియనా, జపనీసా అని మూడు రోజులుగా నిద్ర మానేశావట. పిచ్చిపిల్లా, ఈ స్ఫాక్స్ ఊళ్ళో భాషల సంగతి నన్నడక్కపోతే ఇంకెవర్నడుగుతావ్?

"ఫ్రెంచి ఎలాగూ వచ్చు బాబాయ్. సాయంత్రం క్లాసు ఒక్కటే కుదురుతుంది. తప్పు భాష పట్టుకున్నానంటే ఏడాది దండగ."

ఏడాదా? నేను ఇటాలియన్ నేర్చుకున్నది డాబా మీద. యాంటెనా సముద్రం అవతలున్న సిసిలీ వైపు తిప్పామంటే ఇటలీవాళ్ళ టీవీ మనింట్లోనే.

"అలా ఊరంతా నేర్చుకుంది," అన్నాడు టీకొట్లో పక్క బల్ల దగ్గర్నుంచి లజ్హర్, మా మిల్లు స్టోరు కీపరు. వాడికి నేనంటే కుళ్ళు.

ఊరంతా ఫుట్‌బాల్ వరకే నేర్చుకుంది. నేను వార్తలు చదివేవాడి తప్పులు దిద్ది ఉత్తరం రాశాను, ఆ మర్నాటి నుంచి వాడు నాకేసి చూసి భయంభయంగా చదివేవాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిల్లుకి జర్మన్ యంత్రం వచ్చింది, నూనెనీ నీళ్ళనీ విడదీసేది, దాంతోపాటు ఏడొందల పేజీల పుస్తకం. శుక్రవారం నమాజు నుంచి వచ్చి తెరిచాను, ఆదివారం కుస్కుస్ వడ్డించేసరికి ఆఖరి పేజీలో ఉన్నాను. బిగించడానికొచ్చిన జర్మన్ ఫిట్టరు నా మాట విని కళ్ళు తుడుచుకున్నాడు. అచ్చం వాళ్ళ నాయనమ్మ మాట్లాడినట్టే ఉందట.

"ఏడ్చాడా?" యోస్రా నవ్వాపుకుంటోంది.

మనిషి సంగతి వదిలెయ్, యంత్రాన్ని జర్మన్‌లో ఒక్క గదుము గదిమితే బోల్టులు వాటంతటవే బిగుసుకున్నాయి. జపనీసంటావా, టీ చల్లారేలోపు వచ్చేసింది. లేబుళ్ళు అంటించే యంత్రం మొరాయిస్తే ఫోన్లో రెండు ముక్కలు చెప్పాను, అక్కడ ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ లేచి నిలబడింది. అంతెందుకు, రేవులోకి రానని కొరియా ఓడ ఒకటి నాలుగు రోజులు భీష్మించుకుంటే గట్టు మీంచి కొరియన్‌లో కేకేశాను. ఓడొచ్చింది సరే, సముద్రం కూడా మూడు మెట్లెక్కి నా చెప్పుల దగ్గర ఆగింది. అందుకే చెప్తున్నా తల్లీ, ఏదైనా ఒకటే, కళ్ళు మూసుకుని టిక్కు పెట్టెయ్.

యోస్రా గడియారం చూసుకుంది. ఈసారి నవ్వలేదు.

"బాబాయ్, 'నాకర్థం కాలేదు' అని జర్మన్‌లో ఎలా అంటారు?"

టీలో బాదంపప్పు గొంతుకి అడ్డం పడింది. "ఆ ముక్కతో నాకెప్పుడూ పని పడలేదమ్మా."

"పడింది," అన్నాడు లజ్హర్. "ఆ జర్మనోడు వాల్వు మూసెయ్ మూసెయ్ అని గొంతు చించుకుంటుంటే, అంతా అర్థమైనట్టు తలూపి పూర్తిగా తెరిచావ్. నిలువునా నూనె స్నానాలు చేశాం. నేలమీద దేకుతూ రెండ్రోజులు తుడిచాం. వచ్చే ఏడు కొత్త యంత్రంతో మళ్ళీ వస్తున్నాడమ్మాయ్. వాడితో అర్థం కాలేదని చెప్పగలిగినవాడు మిల్లులో ఒక్కడూ లేడు."

యోస్రా పెన్ను తీసింది. జర్మన్ ఎదురుగా టిక్కు పెట్టి, ఫారం పట్టుకుని లేచింది. నాలుగడుగులు వేశాక నేనే పిలిచాను.

"అమ్మాయ్, ఆ ముక్క నేర్పే రోజు కాస్త కబురు పెట్టు, నేనూ వచ్చి కూర్చుంటాను. మిగతా జర్మనంతా నాకొచ్చు."