ఏడు మిల్లీసెకన్లు ఆగమన్న మనిషి

వదినగారూ, అమ్మాయీ, ఆఫీసు మిత్రులారా, నాలుగు ఆసుపత్రుల నుంచి వచ్చిన బ్లడ్ బ్యాంకు సిబ్బందీ,

పనులు మానుకుని ఇంతమంది వచ్చారు. మన గడియారాలాయన ఇక లేరన్న మాట నా నోటితో అనాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

ముందు నవ్వొచ్చే సంగతి చెబుతాను, ఏమీ అనుకోకండి. సెకనులో వెయ్యో వంతు తేడా వస్తే గిలగిల్లాడిపోయే ఈ పెద్దమనిషి, భోజనానికి ఏనాడైనా వేళకు వెళ్లారా? వదినగారిని అడగండి. ఆవిడ ఫోన్ చేస్తే "దార్లో ఉన్నా" అనేవారు. నా పక్క కుర్చీలోనే ఉండేవారు.

ఆయన పనేమిటి? నాలుగు ఆసుపత్రుల రక్తం నిల్వల వివరాలు నాలుగు కంప్యూటర్లలో ఉంటాయి. నాలుగింటికీ నాలుగు గడియారాలు. ఎంత సరిచేసినా ఏ రెండూ అచ్చంగా ఒకే టైము చూపించవు. ఆ తేడా ఎంతదాకా పోవచ్చో ఆయన నెలల తరబడి కొలిచారు. ప్రతి బుకింగు దగ్గరా, నాలుగు గడియారాలూ ఆ క్షణం దాటేదాకా అంతసేపూ ఆగి, అప్పుడే "అయింది" అనేలా సిస్టమ్‌ని అమర్చారు. ఏడు మిల్లీసెకన్లు. "మనకు తెలియనిది ఎంతో కొలుచుకుని, అంతసేపు నోరు మూసుకోవాలమ్మా" అనేవారు నాతో. మేం ఆటపట్టించేవాళ్లం.

నాలుగేళ్ల కిందట ఒకరోజు, ఒకే రక్తం సంచి రెండు ఆసుపత్రులకు బుక్కయింది. మొదటి బుకింగు రెండో చోట కనబడలేదు. దొరకని గ్రూపు. ఒకచోట ఆపరేషన్ బల్ల మీద ఒకాయన, ఇంకోచోట కాన్పుకొచ్చిన ఆవిడ. సంచి ఆపరేషన్‌కు వెళ్లిపోయింది. మన పెద్దాయన దాతల జాబితా ముందేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. పదకొండో మనిషి దొరికాడు. తల్లీబిడ్డా బతికారు. ఆ తల్లి ఇవాళ వచ్చారు, మూడో వరసలో ఉన్నారు.

రిపోర్టులో ఆయన ఎవరి పేరూ రాయలేదు. "ఎవరు చేశారన్నది కాదు, ఎవరైనా చెయ్యగలిగేలా ఎందుకుంచామన్నదే రాయాలి" అన్నారు. గడియారాలు ఆయనవి కాబట్టి తప్పూ ఆయనదేననుకున్నారు పైవాళ్లు. ఆ పని ఆయన చేతుల్లోంచి లాగేసుకున్నారు. ఆయన కిమ్మనలేదు. వదినగారూ, ఆ ఒక్క పొరపాటే ఆయన్ని లోపల్లోపల తినేసిందేమోనని మొన్న మీరూ నాతో అన్నారు.

ఆ పొరపాటు ఆయనది కాదు. ఆ ఏడును రెండు చేసింది నేను. సిస్టమ్ చురుగ్గా ఉందనిపించుకోవాలని, ఆయన సెలవులో ఉన్నప్పుడు, ఎవర్నీ అడక్కుండా మార్చాను. సంచి రెండు చోట్ల బుక్కయిన మొదటి గంటలోనే ఆయనకు ఈ సంగతి తెలిసిపోయింది. నాతో ఏమన్నారో తెలుసా? "మళ్లీ ఏడు పెట్టు. ఏమైనా తిన్నావా?" అంతే. నేనేమో ఉద్యోగం పోతుందన్న భయంతో నాలుగేళ్లు నోరు మెదపలేదు.

అమ్మాయీ, మీ నాన్న ఏ తప్పూ చెయ్యలేదు. ఇవాళ పొద్దున పైవాళ్లకు ఈ మాటే నా పేరుతో రాసిచ్చి వచ్చాను. ఆయన ఉండగా ఇవ్వాల్సింది.

ఇక అందరం లేద్దాం. ఆయన్ని తలుచుకుంటూ కాసేపు మాటల్లేకుండా ఉందాం. వదినగారూ, మీరు లేవకండి. మీ ముందు తలొంచుకుని నిలబడాల్సింది మేమే.