తీగరాత బిందె

కల్వకుర్తిలో బస్సులు ఆగే చోట భిక్షం హోటల్ ఉంది. అక్కడ జానయ్య ఒక చాయ్ ముగించేలోపు ఆయన మాటలు వినేవాళ్ళు మూడేసి తాగుతారు. అందుకే భిక్షానికి ఆయనంటే ప్రాణం. జానయ్య పని ఇత్తడి సామాన్ల మీద పేర్లు చెక్కడం. ఎవరింట్లో పెళ్ళైనా వాడకట్టు సామానంతా ఆ ఇంటికే చేరుతుంది కనక, పేరు లేని గిన్నె మళ్ళీ ఇల్లు చూడదు.

ఆ పొద్దున అమృతమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"జానయ్యా, నీ చెల్లె పెండ్లికని తీస్కపోయిన నా బిందె ఏదయ్యా? మా అమ్మ నాకు పెట్టిన బిందె. రేపు నా బిడ్డను అత్తగారింటికి తోలుతున్న, దాని చేతికియ్యాలె."

"దేవులాడుతున్న వదినా, మస్తు సామాన్ల కలిసిపోయింది. జర కూసో," అని జానయ్య చాయ్ తాగుతున్న మా వైపు తిరిగాడు. "అన్నట్టు, నా తీగరాత సంగతి అడిగిన్రు గదా."

ఎవరూ అడగలేదు.

"గులాం నబీ వాళ్ళ అవ్వ దగ్గర ఆకు వక్క పెట్టుకునే పాతకాలపు పాన్‌దాన్ ఉండె. దాని మీద ఉర్దూ రాత, అక్షరం తోక పట్టుకొని పోతే తిరిగి తిరిగి దాని తలకాయ కాడికే వస్తవు, గట్ల చెక్కిన్రు. నేను చూసి గదే తీగను ఆకులు, మొగ్గలతోని తెలుగుల దించిన. మొదలు మా పటేలు చెంబు మీద చెక్కిన. మంచిగున్నది అన్నడు. గంతే."

"గంతేనా?" అన్నాడు కళాయి పోసే పీర్ మహమ్మద్, దిగులుగా.

"గంతే ఎట్లైతది? చెంబును అరుగు మీద పెడితే ఎండ తగిలి నేను చెక్కిన మొగ్గలు విచ్చుకున్నయి, తేనెటీగలు ముసిరినయి. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మేకొచ్చి ఆకులన్ని మేసింది. పటేలు పేరు సగమే మిగిలింది."

"మేక పండ్లు ఊడలేదా?"

"ఊడినయి. మల్ల ఇత్తడియి మొలిచినయి. గదంత పిల్లలాట గానీ, కేతేపల్లిల ఒక ముసలమ్మ గంగాళం మీద పేరు చెక్కిన. నా రాత గుణమేందంటే, సామానుకు తన మనిషెవరో యాదుంటది. వానకాలం మూసీ పొంగి నిండు నీళ్ళతోని గంగాళాన్ని ఎత్తుకపోయింది. ముసలమ్మ ఒకటే ఏడుపు. ఫికర్ చెయ్యకు, అది నా రాత అన్న. గంగాళం వాడపల్లి దాంక పోయి, కృష్ణను చూసి, ఇది మనూరు గాదని ఎనక్కి మళ్ళింది. ఎదురీదుకుంట, బండల మీదికెళ్ళి దుంకుకుంట, తొవ్వల కొట్టుకపోతున్న చెంబులను ఎవరియి వాళ్ళకు అప్పజెప్పి, ముసలమ్మ తలుపు కొట్టింది."

"లోపల నీళ్ళు?"

"చుక్క ఒలకలే. కూరకు చేపలు గూడ తెచ్చింది."

భిక్షం నోరు తెరిచాడు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

అమృతమ్మ కొంగు సర్దుకుంది. "నా బిందె మీద పేరు చెక్కిందెవరు జానయ్యా?"

"ఇంకెవరు వదినా, నేనే! అసలైన తీగరాత!"

"నీ ఇంటికి నా ఇంటికి నడుమ మూసీ లేదు, కృష్ణ లేదు. శ్యామలమ్మ దొడ్డి ఒక్కటే అడ్డం. నీ చెల్లెకు కొడుకు పుట్టి, వాడు గూడ నడుస్తాండు. నా బిందె ఎందుకు నడుస్తలేదు?"

జానయ్య చాయ్ సగంలో వదిలి లేచాడు. అటువంటిది భిక్షం ఎన్నడూ చూడలేదు.

ఆ పగలే జానయ్య భార్య తాగునీళ్ళకు కొత్త కుండ కొన్నది. పొద్దు నెత్తి మీదికి రాకముందే అమృతమ్మ బిందె, చింతపండుతో తోమి తళతళలాడుతూ, ఆమె గడప ముందుకొచ్చి నిలబడింది. జానయ్య చెప్పింది అబద్ధమని అనలేం. బిందె నడిచే వచ్చింది. కాళ్ళు మాత్రం ఆయనవి.