సీసాలో ఎరుపు

ఆ, నేనే… హలో, వినపడుతోందా? … ల్యాబ్ నుంచే. ఇప్పుడే వచ్చాను, ఇంకా కోటు కూడా వేసుకోలేదు.

— లేదు, ఏం కాలేదు. కంగారుపడకు. నా సీసా ఎర్రగా ఉంది.

— ఆ, ఎర్రగానే. దానిమ్మ రసంలా. అడుగున మడ్డి లేదు, గాజుకి నలుపు అంటుకోలేదు.

— థాంక్స్. … థాంక్స్ అన్నాను కదా. అది సరే గానీ, నువ్వేమిటి అంత తాపీగా కంగ్రాట్స్ చెప్తున్నావు?

— ఏమిటంటే… ఇన్నాళ్ళూ బంగారు ఉప్పు నీళ్ళలో టీ డికాషన్ పోసి వెళ్తే పొద్దున్నకి ఏమయ్యేది? నల్ల మడ్డి. ప్రతిసారీ అదే. పొయ్యి మీద పెట్టకుండా, మామూలు గదిలోనే కంటికి కనపడనంత చిన్న బంగారు నలకలు పెరిగి నీళ్ళు ఎర్రబడతాయని నేనంటే, వంటింటి కెమిస్ట్రీ అని నవ్వావు. అలాంటివాడివి ఇవాళ ఎగిరి గంతెయ్యాలి. లేదా నమ్మను పో అనాలి. రెండూ లేవు.

— నిద్రమత్తా? మరి నాకంటే ముందు లేచి కాఫీ పెట్టిందెవరు? పెట్టి, "వెళ్ళగానే ఫోన్ చెయ్యి" అన్నావు. పెళ్ళయ్యాక ఎప్పుడైనా అన్నావా ఆ మాట?

— అనుమానం కాదు. … సరే, అనుమానమే అనుకో. నిన్న సాయంత్రం నేను వెళ్ళిపోయాక ఇక్కడున్నది నువ్వొక్కడివేగా?

— నా బల్ల దగ్గరికి వచ్చావా?

— లైటు ఆపడానికా. నా బల్ల దగ్గర స్విచ్చే లేదు కదా.

— కోప్పడకు, ఉండు. సీసా వెనక తెల్ల కాగితం పెట్టి చూస్తున్నాను. టీ పోసినదానికి కొంచెమైనా పసుపు ఛాయ ఉండాలి… దీనికి లేదు. మరీ శుభ్రంగా ఉంది. కొన్న సరుకులా ఉంది.

— ఎక్కడ కొంటారా? ఈ ల్యాబ్‌లో నీ ఫ్రిజ్‌లోనే ఉంటుందిగా, నువ్వు పరీక్షలకి వాడే కంపెనీ బంగారు ద్రావణం. తలుపు తీస్తున్నాను… మొన్న నిండుగా ఉంది. ఇప్పుడు సగం కూడా లేదు.

— వాడేశావా? దేనికి? ఆ పరీక్షలు చేసే నీ మెషిన్ పాడై మూల పడి ఉంది కదా మహానుభావా.

— సరే, నోటిమాటలెందుకు. కొంచెం వేరే గొట్టంలో పోసి ఉప్పునీళ్ళు వేస్తాను. నాదైతే రంగు మారదు, టీ పొర నలకల్ని కాపాడుతుంది. కంపెనీదైతే అన్నీ ఒకదానికొకటి అతుక్కుని నీలమైపోతుంది. ఈ పరీక్ష నాకు నేర్పింది నువ్వే.

— వద్దా? … వద్దని ఎందుకంటున్నావు?

— వేశాను.

— ఊదారంగు తిరుగుతోంది… ఇదిగో, నీలం.

— మాట్లాడు. వింటున్నాను.

— మొన్న రాత్రి నేను ఏడవడం విన్నావా? బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకునే ఏడ్చాను కదా… తలుపవతల నిలబడ్డావన్నమాట.

— అందుకని? ఇవాళ కూడా నల్లగా వస్తే గైడ్ మేడమ్ ఈ పని ఆపించేసి నన్ను తన ప్రాజెక్టులో వేసుకుంటారని నీకు భయం. నాకు లేదా భయం? నిద్రపట్టక చస్తున్నాను. అయినా దొంగ సరుకు చూపించి నా పని నిలబెట్టమని నిన్నెవరడిగారు? మళ్ళీ చేసి చూపించమంటే ఏం చేసేవాడివి, మళ్ళీ ఫ్రిజ్ తెరిచేవాడివా?

— ప్రేమే. కాదనడం లేదు. జాలి కూడా ఉంది అందులో. దానికే నాకు ఒళ్ళు మండుతోంది.

— ఆగు, ఆగు. నా సీసాలో ఉన్నది ఏం చేశావు?

— సింకులోనా.

— అరవడం లేదు. … పారబోసేటప్పుడు ఎలా ఉంది?

— గుర్తు తెచ్చుకో. నిన్న మొదటిసారి డికాషన్ పూర్తిగా చల్లారాక పోశాను. కలియబెట్టకుండా వదిలేశాను. రాత్రి భోజనం దగ్గర నీకు చెప్పాను కూడా, నువ్వు ఊఁ కొట్టావు. అందుకే అడుగుతున్నా. నల్లగా ఉందా?

— లేత ఎరుపా.

— మరి అడుగున మడ్డి? … లేదంటావు.

— ఎలాగూ నల్లబడుతుందనుకున్నావు. ఎప్పటిలాగే. … తెల్లారేదాకా పెరుగుతూ ఉంటుందని నీకు తెలియదా? ఒక్కసారి ఆగి చూద్దామనిపించలేదా?

— నేనేం ఏడవడం లేదు. నువ్వు ఏడవకు… అబద్ధమాడావని కాదు నా బాధ. నావల్ల అవుతుందని ఒక్కరోజు కూడా నువ్వు నమ్మలేదు. అదీ.

— చెప్పుల చప్పుడవుతోంది. మేడమ్ వస్తున్నారు.

— ఏం చెప్తానా? … ఫోన్ పెట్టెయ్యకు. బల్ల మీద పెడుతున్నాను, విను.

నమస్తే మేడమ్… అవును, ఎర్రగానే ఉంది. … లేదు మేడమ్, ఇది నేను చేసింది కాదు. కంపెనీది… నాది నిన్న సాయంత్రం లేత ఎరుపులో ఉందట, పారబోశారు. … అది తర్వాత చెప్తాను. ముందు మళ్ళీ మొదలుపెడతాను, ఈ ఒక్కసారికి ఒప్పుకోండి.

… లేదు మేడమ్, ఇవాళ ఇంటికి వెళ్ళను. అది పెరిగేదాకా పక్కనే కూర్చుంటాను.