గోడకాడి ఎండ

లే మానసా, లే ముందుగాల. ఎన్నిసార్లు జెప్పాలె నీకు, ఆ గోడకాడ ఎండల కూసోకని? చలికాలం అందరు గాడ్నే కూసొని తింటరు, నాకెరుకనే. అందరు వేరు, నువ్వు వేరు. ఇటు రా, రేకుల కింద కూసో. నీ అన్నం డబ్బ నేను పట్టుకొస్త.

ఏంది, ఈ శ్యామలమ్మకు నా మీదనే ఎందుకు కన్ను అనుకుంటున్నవా? చెకింగ్ టేబుల్ కాడ కూసునేదాన్ని, పిల్లల గౌన్లల్ల తప్పులు పట్టుడే నా పని. ఇరవై ఏండ్ల సంది గదే జేస్తున్న. మనుషుల్ని సూసుడు గూడ గట్లనే అలవాటైంది.

పొద్దుగాల రాంగనే నువ్వు దారాలు తెంపే కటర్‌ను రెండు చేతులతోని పట్టుకుంటవు. పది దాటినంక గని ఒక్క చేతికి రాదు. ఇయ్యాల ఈ డబ్బ మూత ఎవలు దీసిన్రు? పక్క పిల్లతోని తీయించుకున్నవు. రాలేదని నవ్వినవు. నవ్వులాటనా అది?

కూరల కారం ఉంటె ముడ్తలేవు. రోజు ఉత్త పెరుగన్నం. నోట్లె పుండ్లైనయి గదా? ఊకెనే నొప్పి లేదు, కారం తగిలితెనే మంట అంటవా? గదే మరి నేను జెప్పేది.

దువ్వెన నిండ ఎంట్రుకలు ఒస్తున్నయంటివి. మాపటికి ఒళ్లు ఎచ్చవడుతుందంటివి. ఇగ గీ మొఖం... ముక్కు మీదికెళ్లి ఈ చెంపకు, ఆ చెంపకు ఎర్రగ, సీతాకోకచిలుక రెక్కలు ఇప్పి కూసున్నట్టు. క్రీమ్ పడలేదని అందరికి జెప్తున్నవంట. క్రీమ్ బందు పెట్టి నెల దాటింది గదా, మరి ఎందుకు పోలె?

చున్నీ అడ్డం పెట్టుకోకు. సిగ్గుపడేటందుకు నువ్వు జేసిన తప్పేం లేదు.

నేను డాక్టర్‌ను గాదు బిడ్డా. గిది గదే అని నేనెట్ల జెప్త? రక్తం, మూత్రం పరీక్ష జేసి వాళ్లు జెప్పాలె. గని గివన్ని ఒక్క మనిషి మీద నేను ఇంతకుముందు సూసిన. తారామణి మీద.

నీకు తెల్వదు తారామణి. నువ్వు కూసునే వరుసల్నే, కిటికి పక్క అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఆమెది. ఏలూరు దిక్కు మనిషి. నాది జనగాం. ఆమెను మొగుడు ఇడిసిపెట్టిండు, నా మొగుడు సచ్చిపోయిండు. ఇద్దరం గలిసి నాచారంల మేడ మీద ఒక్క అర్ర కిరాయికి తీసుకున్నం. పదకొండేండ్లు ఉన్నం. నా పప్పుచారు నీళ్ల లెక్క ఉంటదని ఆమె, ఆమె కూరలు అన్ని తియ్యగుంటయని నేను. మాపటికి కంపెనీ ఇడిసినంక ఇంటికి నడుసుకుంట పోతుంటె మాటలే మాటలు. గిప్పుడు గదే తొవ్వ ఎంత పొడుగున్నదో నీకు తెల్వదు.

ఆరేడేండ్ల కింద చికున్‌గున్యా వొచ్చె సూడు, నువ్వప్పుడు సిన్న పోరివి. గల్లీలకు గల్లీలు పండుకున్నయి. ఈ కంపెనీల సగం మిషన్లు ఖాళీ. నాకు ఒచ్చింది, అదే వారం ఆమెకు గూడ ఒచ్చింది. ఇద్దరం గోడలు పట్టుకొని నడిసినం. ఒకల్ని జూసి ఒకలం నవ్వుకున్నం.

నాది మూడు నెలలకు పోయింది. ఆమెది పోలె.

పొద్దుగాల లేస్తె చేతుల ఏళ్లు ముడుసుకొని ఉంటుండె. చికున్‌గున్యా నొప్పులు కొందరికి ఏడాది ఉంటయని అందరు అన్నరు. నేను గూడ అన్న. అప్పుడు బస్తీల అందరు జేసింది ఏంది? నువ్వుల నూనె ఎచ్చజేసి కీళ్లకు రాసుకొని ఎండల కూసునుడు. నాకు గట్లనే తగ్గింది మరి.

రోజు పొద్దుగాల కంపెనీకి వొయ్యేముందు మేడ మీద చాప ఏసి ఆమెను ఎండకు కూసోబెట్టిన. ఆదివారమైతె రెండు గంటలు. "మొహం మండిపోతోంది శ్యామలక్కా, నీడకెళ్తాను" అనేది. నేను ఊకుంటనా? నఖరాలు జేయకు, ఎండ తగిలితెనే కీళ్లు వదులైతయని కసురుకున్న. చెంపలు ఎర్రగైతుంటె ఒంటికి రక్తం పడుతుందని సంబురపడ్డ. నా అసొంటి తెలివిగల్లది ఎవలన్న ఉంటరా?

ఆఖరికి కాళ్లు వాచినయి, మొఖం ఉబ్బింది, మూత్రంల నురగ. అప్పుడు తీస్కపోయిన పెద్ద దవాఖానకు. గాడున్న డాక్టర్ రోగం పేరు జెప్పిండు, లూపస్ అని. మన గేటు కాడి వాచ్‌మన్ దొంగల్ని ఇడిసిపెట్టి మనల్నే కొట్టినట్టు, ఒంటికి కాపలా ఉండేదే ఒంటిని కొడుతదంట. అప్పటికే కిడ్నీల దాక వొయ్యింది. ఈ రోగానికి ఎండ అస్సలు పడదంట. ఎండల బాగ తిరిగినవా అమ్మా అని అడిగిండు.

నేను పక్కనే నిలవడ్డ.

తారామణి నా దిక్కు గూడ సూడలె. "నాకే ఎండంటే ఇష్టమండీ" అన్నది. "వద్దన్నా వినకుండా వెళ్లి కూర్చునేదాన్ని."

అన్ని మిషన్లు ఒక్కసారి నడుస్తుంటె గూడ నాకు గా మాట ఇనవడుతది. ఎనిమిది నెలలు బతికింది ఆమె. నన్ను ఒక్క మాట అనలె. అంటె మంచిగుండేది.

ఏడుస్తున్నవా? ఒద్దు బిడ్డా, ఏడ్వకు. అందరికి గట్లనే గాదు. తొందరగ పట్టుకుంటె గోలీలు ఏసుకుంట, ఎండల పడకుంట, పని జేసుకుంటనే ఏండ్లకేండ్లు ఉంటరంట. గా డాక్టరే జెప్పిండు. జర ముందుగాల తీస్కరావాల్సుండె అన్నడు.

నువ్వు ఇంక ముందుగాలనే ఉన్నవు. సోమవారం సెలవు పెట్టు, నేను గూడ పెడత. పొద్దుగాల ఉప్పల్ రింగు రోడ్డు కాడికి రా. మెట్రో కోసం పిల్లర్లు ఏస్తున్నరు గదా, ఆ నీడల నిలవడు. నేనొచ్చి బస్సుల పెద్ద దవాఖానకు తీస్కపోత.

తెల్వక జేసినవు గదా శ్యామలమ్మా, నీ తప్పేముంది అనుకుంటున్నవు. నీ కండ్లల్ల కనవడుతుంది. గదే నేను ఓర్సుకోలేను.

తెల్వక గాదు.

మా గల్లీల రమేష్ డాక్టర్ ఉండె, సూదులు ఏసే ఆర్ఎంపీ. ఆమెకు నొప్పులు మొదలైన ఐదో నెలల్నే అన్నడు నాతోని. ఇది చికున్‌గున్యా లెక్క లేదమ్మా, పెద్ద దవాఖానల సూపియ్యుండ్రి అని చిట్టీ రాసి నా చేతుల పెట్టిండు. ఆమెకు ఇయ్యలె నేను. బియ్యం డబ్బ కింద పెట్టిన. పెద్ద రోగమని తేలితె వాళ్ల తమ్ముడు నరేన్ వొచ్చి ఏలూరుకు తీస్కపోతడు. ఇగ గా అర్రల నేనొక్కదాన్ని ఎట్లుండాలె? నాలుగు నెలలు ఆ చిట్టీ గాడ్నే ఉన్నది. ఆ నాలుగు నెలలు గూడ ఆమెను రోజు ఎండకు కూసోబెట్టిన.

గిప్పుడు ఒక్కదాన్నే ఉంటున్న. దేనికి భయపడ్డనో గదే అయింది. ఇప్పటిదాక ఎవ్వలకు జెప్పలె, నీకే జెప్తున్న.

గంట కొట్టిన్రు, లే. డబ్బ మూత నేను పెడత, ఇటియ్యి.

గట్ల అటు జరిగినవేంది? ఎండ ఇటు మల్లుతుందనా, నా పక్కన కూసోబుద్ధి గాకనా?

ఏదన్న గానీ. నాతోని రాకున్న మంచిదే, సోమవారం నువ్వు దవాఖానకు మాత్రం పో. నీడల్నే ఉన్నవు గదా, నాకు గంతే సాలు.