ఖాళీ చేయాల్సిన గది

ఒసాకాలో వంటింటి సామాన్లు తయారుచేసే ఒక కంపెనీ. ఏడో అంతస్తులో 'ప్రతిభా వికాస విభాగం' అని రాసి ఉన్న గది. కంప్యూటరు ముందు ఉట్సుగి. ఎదుట, సిబ్బంది విభాగం నుంచి వచ్చిన కిరితాని అనే యువతి.

"మళ్ళీ అదే కాగితమా, కిరితాని గారూ?"

"అదే. 'నా సొంత ఇష్టంతో రాజీనామా చేస్తున్నాను.' ఒక్క వాక్యం, ఉట్సుగి గారూ. కింద సంతకం బదులు మీ పేరు ముద్ర వేస్తే చాలు."

"సొంత ఇష్టం అన్న మాట తీసేయండి, వేస్తాను."

"అది తీసేస్తే ఇంక ఆ కాగితం దేనికి?"

"అదీ సంగతి. నన్ను తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని నా ఇష్టాన్ని మీరే రాసుకొచ్చారు."

"ఇవాళ వాదన వద్దండీ. పొద్దుట్నుంచి ఏం పని చేశారో చెప్పండి."

"మీరు అప్పగించిందే. నాకు బయట ఉద్యోగం వెతికాను. పాతికేళ్ళు అన్నం కుక్కర్లు పరీక్షించినవాడికి ఇంత సుఖమైన పని ఎక్కడ దొరుకుతుంది?"

"వెటకారం నా నివేదికలో రాయలేను. ఏమైనా దొరికాయా?"

"వృద్ధాశ్రమంలో బట్టలుతకడం. గోదాము కాపలా. యాభై దాటినవాళ్ళు కూడా రావచ్చట. ఆ 'కూడా' చదివినప్పుడల్లా..."

"వెళ్ళారా?"

"కాపలా పనికి వెళ్ళాను. ప్రస్తుతం ఏం చేస్తున్నారని అడిగారు. ఉద్యోగం వెతకడమే నా ఉద్యోగం అన్నాను. ఇంక మీరు వెళ్ళొచ్చన్నారు."

"మీరిలా లాగుతూ పోతే నాకు..."

"మీకు?"

"ఏం లేదు."

"చెప్పండి. ఈ గదిలో మొదట ఐదుగురం. నలుగుర్ని మీరే పంపించారు. సెరిజావా ఏడుస్తూ వెళ్ళింది, మీకు గుర్తుందో లేదో. నేనూ పోతే ఒకాబె గారు మీకేం చేస్తానన్నారు?"

"మా మేనేజరు సంగతి మీకెందుకు?"

"ఊరికే."

"ఊరికే అడగరు మీరు. సరే, వినండి. నియామకాల్లోకి మారుస్తానన్నారు. కాలేజీల నుంచి కొత్త పిల్లల్ని తీసుకునే సీటు. నేను ఈ కంపెనీలో చేరిందే దానికోసం. మనుషుల్ని లోపలికి పిలవడానికి. ఇలా... ఇలా కూర్చోవడానికి కాదు. చాలా? ఇప్పుడు వేస్తారా?"

"రాసిచ్చారా?"

"మాటిచ్చారు. ఎందుకలా చూస్తున్నారు?"

"స్క్రీను ఇటు తిప్పుతాను. పైనుంచి మూడోది చదవండి."

"ప్రకటనలు చదవడానికి రాలేదు నేను."

"చదవండి."

"'ఒసాకా. వంటింటి సామాన్ల తయారీ. నియామకాల విభాగంలో ఒక సీటు.' అయితే ఏమిటి? ఇలాంటి కంపెనీలు ఊరినిండా ఉన్నాయి. పేరు కూడా లేదు."

"సదుపాయాలు చూడండి."

"'క్యోబాషి స్టేషను ఉత్తర ద్వారం నుంచి కంపెనీ బస్సు. శుక్రవారం క్యాంటీన్లో కర్రీ అన్నం ఉచితం. మేడమీద టమాటా తోట...'"

"టమాటా తోట ఇంకెవరికుంది?"

"పాత ప్రకటన అయ్యుంటుంది."

"పొద్దున పెట్టారు."

"ఇద్దర్ని తీసుకుంటారేమో. ఒకరు నేను, ఇంకొకరు..."

"ఒక సీటు అని మీరే చదివారు. ఆఖరి వాక్యం వదిలేశారు."

"'బయటి కంపెనీల్లో అనుభవం ఉన్నవాళ్ళే కావాలి. ప్రస్తుత సిబ్బంది సర్దుబాటు పూర్తవగానే చేరాలి.'"

"ఆ సర్దుబాటు నేనే. నేను వెళ్ళాక సర్దడానికి ఇంకెవరూ మిగలరు. మీరు తప్ప."

"ఇది మీ ఎత్తు. ముద్ర వేయకుండా తప్పించుకోవడానికి. నన్ను భయపెడితే ఇంకొన్నాళ్ళు ఇక్కడ కూర్చోవచ్చని."

"కూర్చోవాలని లేదు. రోజూ ఇంటికెళ్ళగానే మా ఆవిడ అడుగుతుంది, ఆఫీసులో పనెలా ఉందని. పనితో ఊపిరాడటం లేదంటాను. రోజూ చెప్పే అబద్ధమే. నిన్న మాత్రం చెప్తుంటే అబద్ధమనిపించలేదు. నిజంగానే అలిసిపోయి ఉన్నాను. అది చూసి నాకే భయమేసింది. ఇంక చాలు. ఇదిగో, ముద్ర తెచ్చుకున్నాను. ఎర్ర సిరా ఉందా మీ దగ్గర?"

"మరి... మరి ఇదంతా నాకెందుకు చూపించారు?"

"తెలీదు. మీరు కూడా ఏడిస్తే చూడాలనుకున్నానేమో. తీరా చూస్తుంటే ఏం బాగాలేదు. సిరా ఇలా ఇవ్వండి."

"ఒకాబె గారు పొద్దున లిఫ్టులో కూడా చెప్పారు నాతో. వచ్చే నెల నుంచి అక్కడే అని. నవ్వుతూ చెప్పారు."

"నాకూ నవ్వుతూనే చెప్పారు, ఈ గదిలో నాకు కొత్త అవకాశాలుంటాయని. ఎక్కడ వేయాలి, ఇక్కడేనా?"

"ఆగండి."

"ఇన్నాళ్ళూ వేయమనేగా ప్రాణం తీశారు. చెయ్యి తీయండి, కిరితాని గారూ. మీ వేళ్ళమీద పడుతుంది."

"పడనివ్వండి. మీరు ఇవాళ కూడా ఒప్పుకోలేదని చెప్తాను. రేపు రండి, ఉట్సుగి గారూ. ఎల్లుండి కూడా. దయచేసి రండి."